చింత నీడలో మిగిలిన దొర

వాగుకి ఇవతలి అడవిని నల్లదొర అనే అడవిదున్న ఏలేవాడు, అవతలి అడవిని ఒక ఏనుగమ్మ. ఇవతల దొర తాగాకే ఎవరైనా మూతి తడుపుకోవాలి. కాదన్నవాడికి కొమ్ముపోటు. అందుకే ప్రతి ఎండాకాలం కొన్ని కుటుంబాలు చప్పుడు చెయ్యకుండా వాగు దాటిపోయేవి. ఇలాగే సాగితే ఏలుకోడానికి మందే మిగలదని దొరకి తెలుసు. అయినా పోయినవాళ్ళ మీదకన్నా, వాళ్ళని చేరదీసిన ఏనుగమ్మ మీదే అతనికి కడుపుమంట. ఆవిడ పేరు వినబడితే మేస్తున్న గడ్డి చేదయ్యేది.

"ఆవిడలో ఏముందిరా అంత?" అని తన వెంట తిరిగే నక్కని అడిగాడు.

నక్క వెళ్ళి చూసొచ్చి చెప్పింది. ఏనుగమ్మ ఏడాదికోసారి అందర్నీ చింతచెట్టు దగ్గరికి పిలుస్తుందట. పెద్దరికం ఆవిడకే ఉండాలనేవాళ్ళు నీడలో, వద్దనేవాళ్ళు ఎండలో నిలబడతారట.

"ఇంతేనా? మనకి మాత్రం చింతచెట్టు లేదూ," అన్నాడు దొర.

మర్నాడే మందని చింతచెట్టు దగ్గరికి పిలిచాడు. అందరూ ఒకరి తోక ఒకరు తొక్కుకుంటూ నీడలోకే దూరారు. దొర పొంగిపోయి, ఇది చూసి ఏనుగమ్మ కుళ్ళుకోవాలని ఆవిడకి కబురు పెట్టాడు. ఆవిడ ఎదుట మళ్ళీ అదే జరిపించాడు.

ఏనుగమ్మ నిదానంగా చూసింది. "మా అమ్మమ్మ రోజుల్లో మా దగ్గరా ఇంతే తమ్ముడూ. ఎండలోకి వెళ్ళినవాణ్ణి ఆవిడ తొండంతో విసిరికొట్టేది. మా అమ్మ అది మానేసింది. ఇప్పుడు ఎండలో నిలబడ్డవాళ్ళనే నేను ముందు నీళ్ళు తాగనిస్తాను."

ఇక్కడ కూడా ఆవిడదే పైచెయ్యి అయ్యేసరికి దొరకి ఒళ్ళు మండిపోయింది.

"దానికి మూడు తరాలెందుకు? నేను ఈ పూటే చేస్తాను," అని మంద వైపు తిరిగాడు. ఎండలో నిలబడ్డవాళ్ళ జోలికి తన కొమ్ము రాదనీ, ముందు నీళ్ళు కూడా వాళ్ళవేననీ ఏనుగమ్మ సాక్షిగా మాట ఇచ్చాడు.

ముందుగా ఒక ముసలి కణుజు దుప్పి కుంటుకుంటూ ఎండలోకి నడిచింది. దాని తొడ మీద దొర కొమ్ము మచ్చ ఇంకా ఉంది. దాని వెనక జింకలు, కుందేళ్ళు, అడవిపందులు వెళ్ళాయి. చివరికి నక్క కూడా లేచింది.

"నువ్వు కూడానా?" అన్నాడు దొర.

"మీ మాట మీద నమ్మకంతోనే దొరా," అంది నక్క.

దొర కొమ్ములు వంచబోయి, ఏనుగమ్మ చూస్తోందని ఆగాడు. "నీ మీద కుళ్ళుతో అన్నాను ఆ మాట," అని గొణిగాడు.

"తెలుసు. మా అమ్మ కూడా మొదటిసారి నీడలో ఇలాగే ఒంటరిగా మిగిలింది. ఆ సాయంత్రం నీళ్ళకి అందరి వెనక నిలబడింది. మరుసటేడు ఆవిడ పక్కకి కొందరు వచ్చారు."

ఆ సాయంత్రం నల్లదొర నోరెండిపోతున్నా, నక్క వెనక నిలబడ్డాడు.

కుళ్ళుతో తెచ్చిన న్యాయమైనా న్యాయమే, అది ముందు తెచ్చినవాణ్ణే నిలదీస్తుంది.