గరాటుకు అంటుకున్న వాన

సన్యాసినాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళమంతా అలా ఎండన పడి తిరిగినవాళ్ళమే.

సుభాషిణి అప్పట్లో, వాన నీళ్ళలో పురుగుమందుల జాడ పట్టే పరికరాలు రెండింటిని పోల్చి చూస్తోంది. ఒకటి చినుకు పడగానే తనంతట తానే మూత తెరుచుకునే కొత్త యంత్రం. దాన్ని తనే చూసుకునేది. రెండోది మాస్టారు ఇరవై ఏళ్ళుగా వాడుతున్న ఉత్త స్టీలు గరాటు, దాని కింద గాజు సీసా. పురుగుమందుల ఫ్యాక్టరీకి దాపున ఉన్న ఊళ్ళో, దాలమ్మ ఇంటి శ్లాబు మీద రెండింటినీ పక్కపక్కనే పెట్టారు. అక్కడ బోరు నీళ్ళు ఉప్పన. దాలమ్మ వాన నీళ్ళే గోలెంలో పట్టి దాచుకుంటుంది. కోడలికి ఆరో నెల. "తాగొచ్చా తల్లీ?" అని అడిగితే, యంత్రం లెక్క చూసి "నిక్షేపంగా" అనేసింది సుభాషిణి.

వారం తిరక్కుండా గరాటు నీళ్ళ ఫలితం వచ్చింది. దాన్లో విషం నాలుగింతలు, తాగదగ్గ హద్దు దాటి!

"ఒకే వాన, ఒకే శ్లాబు. దేన్ని నమ్మను మాస్టారూ?" అంది. అడగడం అడిగింది గానీ, పాత గరాటే మురికిదని లోపల తీర్పు ఇచ్చేసుకుంది. శుభ్రతకు పెట్టింది పేరు మరి, మా సుభాషిణి.

మాస్టారు చెప్పులేసుకున్నారు.

ఇద్దరూ ఆ ఊరు చేరితే, దాలమ్మ అన్నం తినందే కదలనివ్వలేదు. చేపల పులుసు అడుగంటింది. కడిగి సాయం చేద్దామని సుభాషిణి ఆ దాకలో చెంబెడు నీళ్ళు పోయబోయింది.

"ఓలమ్మ! ఆగమ్మా ఆగు! రుసంతా దాకనే అంటుకునుంటే నీలు పోసేత్తావేటి?" అని దాలమ్మ దాకను లాక్కుంది. పిడికెడు అన్నం వేసి, చుట్టూ తుడిచి, ఆ ముద్ద కోడలి కంచంలో పెట్టింది.

మాస్టారు తలెత్తారు. "అమ్మాయ్, వాన నీళ్ళు సీసాలోకి వంపాక నీ యంత్రాన్ని ఏం చేస్తావు?"

"తర్వాతి వానకి ద్రావకంతో శుభ్రంగా కడుగుతానండీ."

"ఆ కడుగు?"

"పారబో..." అంటూనే ఆగిపోయింది.

ఈ రకం విషాలు నీళ్ళలో ఇమడవు. జిడ్డులా పాత్రను పట్టుకుంటాయి. మాస్టారు ఆ కడుగును కూడా సీసాలోనే కలిపి కొలుస్తారు. ఆ సంగతి సుభాషిణికి తెలియక కాదు. జూనియర్లకు తనే పాఠం చెప్పింది. కడిగే చెయ్యి కడుగుతూ పోయింది, అంతే.

"ఇప్పుడే వెళ్ళి మళ్ళీ కొలుస్తాను. రెండూ సరిచూసి, రేపటికల్లా వీళ్ళకి కాగితం రాసిస్తాను మాస్టారూ" అంది గబగబా.

కోడలికి పొలమారింది. లేచి గోలెంలో గ్లాసు ముంచింది.

"కొలతలు రేపు చూసుకుందువు గాని," అన్నారు మాస్టారు, "ముందు ఆ పిల్ల చేతిలో గ్లాసు అందుకో."