అల్లకల్లోలాన్ని తాడేసి కట్టారు

మా ఒడ్డున తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని ఎల్లాజీకీ, వాడి తమ్ముడు మాసేనుకీ గట్టి నమ్మకం. "అందరికీ సముద్రం తెలుసురా, మనకి బుర్ర ఉంది" అనేవాడు అన్న. తమ్ముడు తల తడుముకుని "ఉందన్నా!" అనేవాడు.

వాళ్ళమ్మ గంగమ్మ చెల్లెలి ఊరికెళ్తూ, "నాయనా, పడవ జాగ్రత్త. నా చెవి కమ్మలమ్మి కొన్నాను. అది పోతే మనకి గంజి కూడా ఉండదు" అని పదిసార్లు చెప్పి బస్సెక్కింది.

మధ్యాహ్నం మైకు మోగింది. "తుఫాను వస్తోంది! సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది! పడవలు కట్టుకోండి!"

పడవని గుంజకి కట్టారు. బాగానే కట్టారు పాపం. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. అల్లకల్లోలం అంటే ఏంటని పక్కింటి దానమ్మత్తని అడిగారు.

"ఏముందర్రా, పైది కిందకీ కిందది పైకీ, ఏదీ ఉన్నచోట ఉండకపోవడం" అందామె వల బాగుచేసుకుంటూ.

"అంతేనా! అది వచ్చేలోపు మనమే చేసేద్దాం. ఇక చెయ్యడానికి పనుండదు, వచ్చిన దారినే పోతుంది" అన్నాడు ఎల్లాజీ.

ఇంకేముంది! మంచం అటకెక్కింది. పులుసు కుండ, పులుసుతో సహా, బోర్లా పడింది. పొయ్యిలో బూడిద దిండు మీదకొచ్చింది. కోడి బియ్యం డబ్బాలోకి, బియ్యం కోడిగంప కిందకి!

దానమ్మత్త గుమ్మంలోకొచ్చి బుగ్గలు నొక్కుకుంది. "మీ దుంప తెగ! ఇల్లంతా అల్లకల్లోలంగా ఉందేంట్రా!"

"అన్నా, మనింట్లోకే వచ్చేసింది!"

"మంచిదేరా! ఇక్కడుంటే సముద్రంలో లేనట్టేగా? బయటికి పోకుండా కట్టెయ్యాలి."

తలుపు మూశారు. గొళ్ళెం లేదు. తాడు కావాలి. మాసేను పరుగున వెళ్ళి పడవకున్న తాడు విప్పుకొచ్చాడు. అంతే, తలుపుకి ఏడు ముళ్ళు పడ్డాయి.

గాలి లేచింది. పెద్ద కెరటమొకటి ఒడ్డెక్కి పడవని లాక్కుపోయింది.

తుఫాను మాట విని సగం దారిలోంచే తిరిగొచ్చిన గంగమ్మ అప్పుడే బస్సు దిగి రొప్పుతూ వచ్చింది. "పడవేదిరా?"

"తనంతట తనే వేటకెళ్ళిందమ్మా! భయమేం లేదు, అల్లకల్లోలాన్ని మనింట్లో కట్టేశాం" అంటూ ముళ్ళు చూపించాడు ఎల్లాజీ.

గంగమ్మ ఇసకలో కూలబడింది. "అయ్యో, నా కమ్మలు! నా కమ్మలు!"

తల్లి ఏడుపు చూసి ఇద్దరూ నీళ్ళ అంచుదాకా ఉరికి, చేతులు నోటికి అడ్డంపెట్టి గొంతు చించుకుని అరిచారు.

"ఓ పడవా! వచ్చేటప్పుడు అమ్మ కమ్మలు కూడా పట్రా!"