యెరూషలేముకు వెళ్ళిన చీటీలు

ఎజ్రా వరుసలో నిలబడింది మూడు గంటలు. సమాధి లోపల దొరికింది అర నిమిషం.

యెరూషలేము పాతపట్నంలో ప్రభువును ఉంచారని చెప్పే ఆ గది బాగా చిన్నది. నడుం వంచి దూరాలి, ముగ్గురు దూరితే నాలుగోవాడికి చోటుండదు. బయట దేశదేశాల జనం ఎదురుచూస్తుంటే గుమ్మం దగ్గరున్న సన్యాసి మాత్రం ఏం చేస్తాడు? మోకరించినవాళ్ళను భుజం తట్టి లేపుతున్నాడు. ఎజ్రా సంచిలోంచి చీటీల కట్ట తీసి రబ్బరు బ్యాండు విప్పబోయేసరికి భుజం మీద చెయ్యి పడింది. కట్టను అలాగే రాతికి ఒకసారి తాకించి, మళ్ళీ సంచిలో వేసుకుని బయటికొచ్చేశాడు.

ఆ చీటీలు వాళ్ళ సంఘంవి. ఒంగోలు అవతల చిన్న ఊరు. ఎజ్రా యాత్రకు వెళుతున్నాడని తెలిసి, ఇంటికొకరు చొప్పున తమ ప్రార్థన మనవులు రాసి, మడిచి, కానుకల సంచిలో వేశారు. నూట అరవై మూడు. ఒక్కొక్కటీ ప్రభువు సమాధిలో చదివి వినిపిస్తానని ఎజ్రా ఆదివారం మైకులో మాటిచ్చాడు. మైకు చేతికొస్తే అతనికి మాటలకు కొదవుండదు.

ఇప్పుడా మాట పోయింది. మర్నాడు పొద్దున్నే బస్సు నజరేతుకు బయల్దేరుతుంది. మళ్ళీ వరుసలో నిలబడే వ్యవధి లేదు.

సమాధి ఉన్న గుడి ముంగిట్లో, రాతిమెట్టు మీద, తనతో పాటే యాత్రకొచ్చిన పరంజ్యోతి అయ్యగారు కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళుగా ఆ సంఘానికి ఆయనే కాపరి. యాత్ర నుంచి తిరిగి వెళ్ళగానే సంఘాన్ని ఎజ్రాకు అప్పగించాలని పెద్దలందరూ అనుకున్నారు. అయ్యగారు ఒక్కరే ఇంకా ఊఁ అనలేదు. ఎందుకని ఎజ్రా ఒకసారి అడిగితే, "మీ అన్న బల్ల దగ్గరికి రావడం లేదు గదా" అని ఊరుకున్నారు.

బల్ల అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల. మనసులో ఎవరితోనైనా తగాదా పెట్టుకుని దాన్ని ముట్టకూడదని ఆ సంఘంలో గట్టి పట్టింపు. ఎజ్రా అన్న ఆమోసు మూడేళ్ళుగా వెనక బెంచీలో కూర్చుని, బల్ల వేళకు లేచి వెళ్ళిపోతున్నాడు. ఎజ్రా మాత్రం తీసుకుంటూనే ఉన్నాడు. తప్పు చేసినవాడు తను కాదు గదా.

మూడేళ్ళ కిందట వాళ్ళ నాన్న పోయినప్పుడు ఎజ్రా విశాఖలో ప్రార్థన కూటాల్లో ఉన్నాడు. కబురంది, పడుతూ లేస్తూ తెల్లారేసరికి ఊరు చేరాడు. అప్పటికే ముందురోజు సాయంత్రం ఆమోసు సమాధి చేయించేశాడు. కన్నతండ్రి కడసారి మొహం అతను చూడలేదు. ఒక్క రాత్రి ఆగలేకపోయాడా అన్న కోపంతో ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడటం మానేశాడు. ఆ కోపం లోపల ఎంత నొప్పి ఉందో అతనికే తెలుసు.

ఎజ్రా వచ్చి అయ్యగారి పక్కన కూలబడి జరిగింది చెప్పాడు. సంఘానికి ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలన్నాడు.

"ఏం రాశారు వాళ్ళు?" అని అడిగారు అయ్యగారు.

"నేను విప్పలేదు అయ్యగారూ. దేవుడికి రాసుకున్నవి, ముందే చూడటం మర్యాద కాదని అక్కడే విప్పుదామనుకున్నాను."

అయ్యగారు భుజం మీది తువ్వాలు తీసి రాళ్ళ మీద పరిచారు. కట్ట అడిగి తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని మొదటి చీటీ విప్పారు. రత్తమ్మ మోకాళ్ళ నొప్పులు. కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థించి, దాన్ని తువ్వాలుకు కుడివైపున పెట్టారు.

"ఇది ఆయనకి" అన్నారు.

రెండోది సుగుణమ్మది. రేషన్ మిషన్ మీద వేలిముద్ర పడటం లేదట. రెండు నెలలుగా బియ్యం లేవు, ప్రభువు తన వేళ్ళను ముట్టాలని రాయించింది. అయ్యగారు దీనికీ ప్రార్థించారు గానీ, చీటీని ఎడమవైపున, ఎజ్రా మోకాలి దగ్గర పెట్టారు.

"ఇది నీకు."

ఎజ్రాకు అర్థం కాలేదు. మండలాఫీసుకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు లేరని అయ్యగారు చెప్పారు. ఎజ్రా వాళ్ళ వీధి చివరే ఆమె ఇల్లు.

పదో తరగతి చదివే ఒక పిల్ల లెక్కల్లో గట్టెక్కించమని రాసింది. ఎజ్రా డిగ్రీ చదివింది లెక్కలే. అదీ ఎడమవైపుకే వెళ్ళింది. పేరు రాయని ఒక పెద్దమనిషి, ఎజ్రాగారి ప్రసంగం ఆదివారాలు కాస్త తొందరగా ముగిసేలా కృప చూపమని వేడుకున్నాడు. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ దాన్ని ఎటు పెట్టాలా అని కాసేపు ఆలోచించి, ఎడమవైపున పెట్టారు. ఎజ్రాకు నవ్వు రాలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

కుడివైపు చీటీలు పెరుగుతున్నాయి. ఎడమవైపువి కూడా అంతకంతకూ పెరుగుతున్నాయి. ముంగిట్లోంచి వెళ్ళే యాత్రికులు ఏదో అమ్ముతున్నారనుకుని తొంగిచూసి పోతున్నారు. ఎజ్రా తలెత్తకుండా ఎడమవైపే చూస్తూ కూర్చున్నాడు. ఈ ఊరికి ఇన్ని వేల మైళ్ళు మోసుకొచ్చినవాటిలో సగం, తమ వీధిలో నాలుగడుగులు వేస్తే తీరేవే. సిగ్గుగా ఉంది అతనికి.

యాభై దాటాక అయ్యగారి గొంతు బొంగురుపోయింది. ఇక నువ్వు చదువబ్బాయ్ అని కట్ట అతని చేతికిచ్చారు.

ఎజ్రా విప్పిన చీటీ గీతల పుస్తకంలోంచి చింపిన కాగితం. పెద్ద పెద్ద అక్షరాలు, పలక మీద రాసినట్టు. ఆ రాత ఎవరిదో అతను ఇట్టే పోల్చుకున్నాడు. అన్న చిన్నప్పుడే బడి మానేసి గేదెల్ని తోలుకెళితే, ఎజ్రా చదువుకున్నాడు. పెద్దయ్యాక అన్నకు అక్షరాలు దిద్దించింది అతనే.

చీటీ మడవబోయాడు.

"పైకి చదువు" అన్నారు అయ్యగారు. రాత ఎవరిదో ఆయన చూడనైనా లేదు.

ఎజ్రా చదివాడు.

"ప్రభువా, తమ్ముడొచ్చిందాకా నాన్నను ఉంచలేకపోయాను. రోహిణీకార్తె ఎండలు. ఐసు పెట్టె కోసం ఒంగోలు పంపాను, దొరకలేదు. పొద్దుగూకిందాకా చూశాను. నాన్న మొహం మారిపోతా ఉంది. వాడు ఆ మొహం చూడకూడదని పూడ్చాను. వాడికి ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వు చెప్పు."

చివరి మాట చదివి ఎజ్రా చీటీ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు, నలుగురూ చూస్తున్నారన్న తలపు కూడా లేకుండా. అయ్యగారు ఓదార్చలేదు, తొందరపెట్టనూ లేదు.

చాలాసేపటికి ఎజ్రా కళ్ళు తుడుచుకుని, తువ్వాలుకు ఇటూ అటూ చూశాడు.

"దీన్ని ఎటు పెట్టమంటారు అయ్యగారూ?"

అయ్యగారు చీటీ తీసుకుని, ఉన్న మడతల్లోనే మడిచి, అతని చొక్కా జేబులో పెట్టారు.

"ఇది చేరింది, ఎజ్రా. మిగతావి చదువు."