తొండ తల ఊపితేనే పాట

ఎర్రగుట్ట వాలులో ఒక పెద్ద బండ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఇంటికి చూరు ఎలాగో గుట్టకి అది అలాగ. ఎంత వాన కురిసినా దాని కింద చుక్క పడదు. అందుకే ఆ చోటి మీద అందరికీ కన్ను. అయితే అక్కడొక కట్టుబాటు ఉంది. ఏటా మృగశిర కార్తెకు ముందు, చూరు కావాలనుకున్న మేళం దాని ముందు నిలబడి కొత్త పాటలు పాడాలి. వినడానికి వచ్చిన వాటిలో సగానికి పైగా చివరిదాకా కూర్చుంటే ఆ వానాకాలం చూరు మేళానిది. లేచిపోతే ఖాళీ చేయాలి.

కొన్నేళ్లుగా అక్కడ ఉంటున్నది ఒకటే మేళం. వడ్రంగిపిట్ట ఎండుమోడు మీద దరువు వేస్తుంది. బోదురుకప్ప అడుగు గొంతుతో శ్రుతి పడుతుంది. గువ్వ రాగం తీస్తుంది. మొదట్లో అవి ఒట్టి దరువు పాటలే కట్టాయి. దున్నపోతులకు అవంటే ప్రాణం. తర్వాత జోలపాటలు కట్టాయి. అప్పుడు లేళ్లు వచ్చి చేరాయి. ఈ ఏడు ఏం బుద్ధి పుట్టిందో, దరువు మీద జోల పరిచి, మధ్యలో చెరువు కప్పల వానపాట కలిపాయి.

కొత్త పాటలు బయటికి రాకముందే వాటి మాట బయటికి వచ్చింది. సాధన చేస్తుంటే గుట్ట వెనక మేస్తున్న వాటికి ముక్కలు ముక్కలుగా వినబడింది మరి. దరువులో జోల కలపడం కుడితిలో పాయసం పోసినట్టుందని దున్నపోతు అంది. బిడ్డ కన్ను మూసే వేళకు మోడు మీద ఆ బాదుడేమిటని లేడి అడిగింది. పాతవే బాగున్నాయని రెండూ ఒప్పుకున్నాయి. ఆ పాతవి కొత్తగా వచ్చిన ఏడాది కూడా ఇవి ఇదే మాట అన్నాయి, అది వేరే సంగతి. మేక ఒక్కటే, నాలుగు రకాల ఆకు కలిపి నమిలితేనే కదా నోటికి రుచి అంది. నువ్వు గోడ మీది కాగితం కూడా నములుతావులే అని మిగతావి దాని నోరు మూయించాయి. గొర్రెలు ఇంకా ఏ మాటా అనలేదు. తొండ ఏమంటుందో వినాలని ఆగాయి.

ఈ తొండ సంగతి కాస్త చెప్పాలి. పాట జరిగేటప్పుడు అది ముందు వరసలో ఒక రాయి మీద కూర్చుని తల పైకీ కిందికీ ఊపేది. ఆహా, ఎంత తెలిసినవాడో, తాళం తప్పకుండా ఊపుతున్నాడని మొదట గొర్రెలు అనుకున్నాయి. తర్వాత అందరూ అనుకున్నారు. రాను రాను ఎవరూ మేళం వైపు చూడడం మానేసి తొండ వైపు చూడసాగారు. తొండ తల ఊపితే పాట బాగున్నట్టు, లేకపోతే లేనట్టు. నలుగురూ అంటూ ఉంటే తొండకీ అదే నిజమనిపించింది.

ఈ ఏడు తొండకు చూరు మీద ఆశ పుట్టింది. దాని కింద చీమలు బారులు బారులుగా తిరుగుతాయి. వానాకాలమంతా కాలు కదపకుండా తినొచ్చు. అందుకని అది ఊరూరా తిరిగినట్టు పొదపొదా తిరిగి, పాట సాంతం విన్నాను, ఇందులో సరుకు లేదు, రేపు నేను తల ఊపితే కూర్చోండి, ఊపకపోతే నా వెనకే లేచి రండి అని చెప్పి పెట్టింది. అది విన్నది గుట్టవతల నుంచి రెండు ముక్కలే.

ఆ మాట మేళం చెవిన పడింది. వడ్రంగిపిట్టకు మండుకొచ్చింది. కప్ప అటూ ఇటూ గెంతింది. గువ్వ మాత్రం కదల్లేదు, ఎందుకంటే అది కదిలే స్థితిలో లేదు. చూరు కింది పగుల్లో గుడ్లు పెట్టి పొదుగుతోంది. చూరు పోతే వాన గుడ్లను ఏం చేస్తుందో దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే పొదిగేవాళ్లకు చూడడం తప్ప పనేముంటుంది. గువ్వ రోజూ ఎదుటి బండ మీద తొండను చూస్తూనే ఉంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తొండ రాయిలా పడి ఉండేది. ఎండెక్కి ఒళ్లు వెచ్చబడగానే తల దానంతటదే ఆడేది. పాట ఉన్నా ఆడేది, లేకపోయినా ఆడేది. మీరూ చూసే ఉంటారు, అది తొండల స్వభావం.

పాట రోజు తెల్లవారగానే అందరూ వచ్చి కూర్చున్నారు. తొండ ముందు బండ మీద మెడ బిగించుకుని కూర్చుంది. గువ్వ పగుల్లోంచి తల బయటపెట్టి, గుడ్లు చల్లబడతాయి, ఎండ వచ్చి గూటిని వెచ్చబెట్టేదాకా ఆగితే లేచి పాడతానంది. తల్లి మాట కాదనలేక అందరూ ఆగారు. ఎలాగూ పోయే చూరే కదా అని తొండ కూడా ఒప్పుకుంది.

ఎండ వచ్చింది. గూటి మీదా పడింది, తొండ కూర్చున్న బండ మీదా పడింది.

మొదటి పాట ఎత్తుకున్నారు. తొండ బిగుసుకుని ఉంది. దున్నపోతు ముందుకాళ్లు సర్దుకుంది, లేవడానికి. గొర్రెలు సగం లేచాయి. అంతలో బండ కాలింది. తొండ మెడ ఒకసారి ఎగిరింది. అది పళ్లు బిగబట్టింది. మెడ మళ్లీ ఎగిరింది. ఇక ఆగలేదు. గొర్రెలు గబుక్కున కూర్చున్నాయి. వాటిని చూసి అందరూ కూర్చుని, పాట అద్భుతంగా ఉందని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

గెలిచామని వడ్రంగిపిట్ట దరువు పెంచబోయింది. సరిగ్గా అప్పుడు గువ్వ పాట ఆపేసింది.

"ఎందుకాపావు? కూర్చున్నారుగా," అని గొణిగింది వడ్రంగిపిట్ట.

"కూర్చున్నది మన పాటకు కాదన్నా. ఈ ఏడు ఆ తలకాయ నిలబెడితే నిలబడతాం. వచ్చే ఏడు అదే పడగొడుతుంది."

"నీ గుడ్లు అక్కడున్నాయి."

"ఉన్నాయి," అంది గువ్వ. "మోడు మీద నుంచి ముక్కు తియ్యి."

దరువు ఆగింది. కప్ప గొంతు ఆగింది. గుట్ట మీద చడీచప్పుడు లేదు. తొండ తల మాత్రం పైకీ కిందికీ ఆడుతూనే ఉంది.

అందరూ తొండ వైపూ మేళం వైపూ మార్చి మార్చి చూశారు. చివరికి మేక నములుతున్న ఆకు మింగి అడిగింది.

"తొండబావా, పాట ఆగిపోయింది. నువ్వు దేనికి ఊపుతున్నావు?"

"లోపల నడుస్తోంది," అంది తొండ, తల ఊపుతూనే. "తెలిసినవాళ్లకు వినబడుతుంది."

"ఏ పాట? దరువా, జోలా?" అని అడిగింది దున్నపోతు.

తొండ తల మాత్రం ఆగలేదు. దున్నపోతు ముక్కుతో ఒక బుస కొట్టి, లేచి, తొండకూ మిగతావాళ్లకూ మధ్యకు వచ్చి కూర్చుంది. దున్నపోతు అడ్డం కూర్చుంటే వెనకవాళ్లకు తొండేం కనబడుతుంది.

"గువ్వమ్మా, మొదట్నుంచి పాడండి. ఇందాక మేం వినలేదు," అంది దున్నపోతు.

మళ్లీ పాడారు. ఇంత జరిగాక అందరికీ నచ్చేసిందని చెబితే అది అబద్ధం. రెండో పాట మధ్యలో లేడి లేచి, నాకిది నచ్చలేదమ్మా, జోల కట్టిన ఏడాది వస్తానని మర్యాదగా చెప్పి వెళ్లింది. దాని వెంట నాలుగు లేళ్లు వెళ్లాయి. గొర్రెలు కూడా లేచి, సగం దూరం నడిచి, ఎవర్ని చూడాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాయి. దున్నపోతుకు రెండో పాట నచ్చలేదు. ఆ మాట పైకే అంది. మూడోదాంట్లో వచ్చిన వానపాట దగ్గర మాత్రం తోక ఆడించడం మరిచిపోయింది. అయిపోగానే ఆ ఒక్కటీ ఇంకోసారి పాడమంది.

వెళ్లినవాళ్ల కంటే కూర్చున్నవాళ్లే ఎక్కువ. చూరు మేళానికే మిగిలింది.

ఆ సాయంత్రమే గాలి తిరిగి మొదటి వాన దబదబా కొట్టింది. గువ్వ రెక్కలు విప్పి గుడ్ల మీద సర్దుకుంది. తొండ గుట్ట కింద ముళ్లకంచె మీద తడుస్తూ కూర్చుంది. చలికి దాని తల ఇంత కూడా కదల్లేదు. చూరు కింద మాత్రం పాట జరుగుతూనే ఉంది.

నీతి: పక్కవాడి తల చూసి పాట మెచ్చేవాడికి చెవులున్నా లేనట్టే.