భావనారాయణ తీసిన తొమ్మిది ఫోటోలు

అనగనగా తల్లీ, మరీ పాతకాలమేం కాదులే, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాకే, చీరలు నేసేవాళ్ళ ఊళ్ళో ఒక అక్కా తమ్ముడూ ఉండేవాళ్ళు. అక్క పేరు నాంచారమ్మ, తమ్ముడి పేరు భావనారాయణ. చిన్నప్పుడే వాళ్ళమ్మ పోతే, అక్కే తమ్ముడికి అన్నం కలిపి పెట్టి, తల దువ్వి, పెద్దవాణ్ణి చేసింది.

తమ్ముడు పొద్దంతా మగ్గం మీద కూర్చునేవాడు. సాయంత్రమైతే చాలు, ఒక పాత కెమెరా మెళ్ళో వేసుకుని బయల్దేరేవాడు. దానికి ముందువైపు రెండు కళ్ళు. పైమూత తీసి, బావిలోకి తొంగి చూసినట్టు చూడాలి. రీలు వేస్తే పన్నెండు ఫోటోలొస్తాయి, అంతే.

"ఫోన్లో వందైనా తీసుకోవచ్చు కదరా" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు.

"పన్నెండే కదక్కా, అందుకే తొందరపడబుద్ధి కాదు" అనేవాడు వాడు ఇంటికొచ్చి. ఒక్క ఫోటో కోసం, ఎండ గోడ దిగేదాకా నిలబడేవాడు. తీశాక ఎలా వచ్చిందో తెలిసేది కాదు. రీలంతా అయ్యాక గుంటూరులో మస్తాన్ గారి స్టూడియోకి పట్టుకెళ్ళి కడిగించేవాడు. ఆ ఎదురుచూడటమే వాడికి పండగ.

ఒక వానాకాలం, "తొమ్మిదయ్యాయక్కా, ఇంకా మూడున్నాయి" అన్నాడు. ఆ తర్వాత వాడికి జ్వరం వచ్చింది. మొదటిరోజు అక్క కషాయం కాచి ఇచ్చింది. రెండోరోజు ఊళ్ళో డాక్టరుకి చూపించింది. మూడోరోజు పట్నం తీసుకెళ్ళింది. నాలుగోరోజు ఒక్కతే తిరిగొచ్చింది.

కర్మకాండలన్నీ అయ్యాక, "ఆ రీలు కడిగించవే, ఏం తీశాడో చూద్దాం" అన్నారు ఇరుగుపొరుగు.

"ఇంకా మూడున్నాయి కదా" అంది నాంచారమ్మ. వాడు ఏ సాయంత్రమో వచ్చి ఆ మూడూ తీస్తాడన్నట్టే అంది. కెమెరాని పాతచీరలో చుట్టి, రేకుల ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టేసింది. అలా ఆరు ఎండాకాలాలు గడిచిపోయాయి.

అప్పుడొకరోజు, వాడు 'అక్కా' అని పిలిచే గొంతు గుర్తుచేసుకుందామంటే సరిగ్గా రాలేదు. ఆమెకి భయం వేసింది. వెంటనే పెట్టె తీసి, కెమెరా ఒళ్ళో పెట్టుకుని గుంటూరు బస్సెక్కింది.

మస్తాన్ గారు ముసలాయన అయిపోయాడు. రీలు తీసుకుని, "మూడురోజులాగి రామ్మా" అన్నాడు. మళ్ళీ వెళ్తే, ఆయన కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు.

"ఏమీ రాలేదమ్మా. ఆ వేడికి, ఆ చెమ్మకి రీలు పాడైపోయింది. అప్పుడే తెచ్చుంటే..." అని ఆగిపోయాడు.

"వచ్చేవి. అంతేనా బాబాయ్ గారూ?"

ఆయన తల దించుకున్నాడు.

నాంచారమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. తర్వాత, "ఆ తొమ్మిదీ కాయితం మీద వేసివ్వండి" అంది.

"ఏముందని వెయ్యనమ్మా?"

"వాడు తీశాడు కదా. వెయ్యండి."

తొమ్మిది కాయితాలొచ్చాయి. తొమ్మిదీ బూడిదరంగే. ఇంటికొచ్చి వాటిని చాప మీద పరిచింది. మూడింటి సంగతి ఆమెకి తెలుసు. తను రాట్నం దగ్గర దారం కండెలు చుడుతుంటే తీశాడొకటి. వీధిలో పడుగు దారాలు చాచినప్పుడు తీశాడొకటి. "అన్నం చల్లారిపోతోందిరా" అని తను కసురుకుంటుంటే తీశాడు ఇంకొకటి. మరి మిగతా ఆరూ?

అప్పుడు ఊరంతా తిరిగి అడిగింది. "మా తమ్ముడు నీకు ఫోటో తీశాడా?" అని.

రంగులు వేసే వీరాస్వామి, "తీశాడమ్మా. నా మొహం కాదు, నీలం అంటిన చేతులు తీశాడు" అన్నాడు. ఇడ్లీలమ్మే పేరిందేవి, "ఆవిరి సరిగ్గా లేవలేదని నాచేత మూడుసార్లు మూత తీయించాడు తల్లీ" అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత బడి దగ్గర జామకాయలమ్మే సూరమ్మ దగ్గరికెళ్ళింది. సూరమ్మ కళ్ళకి పొరలొచ్చేశాయి. చేత్తో తడిమితే గానీ కాయ తెలియదు.

"నా జన్మకంతా ఒకటే ఫోటో, మీవాడు తీసిందే" అంది సూరమ్మ. "తెచ్చిస్తానన్నాడు. ఆరేళ్ళ నించీ చూస్తన్నా. నేనెట్టా వచ్చానమ్మా?"

నాంచారమ్మ చేతిసంచి దగ్గరికి లాక్కుంది. "నవ్వుతూ వచ్చావు పిన్నీ" అంది.

"పక్కన గంపుందా?"

"ఉంది. నిండా కాయలున్నాయి."

సూరమ్మ చెయ్యి చాచింది. నాంచారమ్మ సంచిలోంచి ఒక బూడిదరంగు కాయితం తీసి ఆ చేతిలో పెట్టింది. సూరమ్మ దాన్ని వేలితో మెల్లగా అంచులన్నీ తడిమి, జాగ్రత్తగా రొంటిన దోపుకుంది. "మారాజులా ఉండేవాడు పిల్లాడు" అంది. అప్పుడు ఆ నడివీధిలో, జామకాయల గంప పక్కన కూలబడి, ఆరేళ్ళకి మొదటిసారి నాంచారమ్మ గట్టిగా ఏడ్చింది. సూరమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

ఇంక ఎవరివో తెలియనివి మూడున్నాయి కదా. వాటికోసం రెండు నెలలు తిరిగింది. మాకు తీశాడన్నవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు. పిట్టనే తీశాడో, మబ్బునే తీశాడో, ఈపాటికి ఊరొదిలిపోయిన మనిషినే తీశాడో. తెలిసినవాటి వెనక పేర్లు రాసుకుంది. ఆ మూడింటి వెనకా ఏమీ రాయలేదు. సాయంత్రం మగ్గం దిగాక, ఒక్కోరోజు వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఎండ గోడ దిగేదాకా చూస్తూ కూర్చునేది.

పడుకో నా తల్లీ.

కథ నడిచింది కంచికి,
నిద్ర వచ్చింది కంటికి,
మనమూ పోదాం ఇంటికి.