తాడు పట్టిన బావమరిది

నల్లమల లోపల చిన్న ఆశ్రమంలో ఉండే విరూపాక్షస్వామికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పేవారు కారు. ఒక్కోసారి వారం, ఒక్కోసారి నెల ఊరుకుని, ఒకనాడు ఉన్నట్టుండి "పద" అనేవారు.

శిష్యుడు చిదంబరయ్య అడిగింది చిన్న ప్రశ్నే. "స్వామీ, కాలం వృథా పోకుండా బతకడం ఎలాగ?" కచేరీలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మంచంపట్టిన అన్నగారిని తీరిక చూసుకుని పలకరించి వద్దామనుకున్నాడు. ఆ తీరిక దొరికేసరికి అన్నగారు లేరు. అప్పటినుంచి ధ్యానంలో కూర్చున్నా, నీళ్ళు మోస్తున్నా, మనసు ఆ పోయిన రోజుల చుట్టూ తిరిగేది. కాదంటే, ఇంకెన్ని మిగిలాయో అని దిగులుపడేది.

పదో రోజు స్వామి "పద" అన్నారు.

కొండ అంచుకు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చెంచు ఈదన్న అంచు కింద రాతికి పట్టిన పెరతేనె కోయడానికి లోయలోకి దిగబోతున్నాడు. అతని నడుముకు కట్టిన తాడును చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, కొస పట్టుకుని నిలబడ్డాడు బావమరిది గురవయ్య. గురుశిష్యులిద్దరూ దూరంగా బండ చాటున, ఈగలు కుట్టకుండా గొంగళి కప్పుకుని కూర్చున్నారు.

"తాడు పెళ్ళాం తమ్ముడే పట్టాలి," అన్నారు స్వామి మెల్లగా. "అక్క పసుపుకుంకుమలు వాడి చేతుల్లో ఉంటాయి."

ఈదన్న అంచు దాటి కనుమరుగయ్యాడు. కింద పొగ లేచింది. వెంటనే కొండ గొంతు విప్పినట్టు హోరు. చెదిరిన ఈగలు నల్లటి తెరలా పైకొచ్చి గురవయ్యను కమ్మేశాయి. మొహం మీద, మెడ మీద, కనురెప్పల మీద కుట్టాయి. అతను చెయ్యెత్తలేదు. మూరెడు తాడు వదిలాడు, ఆగాడు, తాడు కదిలితే ఇంకో జానెడు వదిలాడు. కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఇక చూడవలసిందంతా అరచేతులతోనే చూస్తున్నాడు.

అంతలో అంచున రాయి జారింది. తాడు ఒక్క ఊపున గుంజింది. గురవయ్యను ఒక అడుగు ముందుకు ఈడ్చుకుపోయింది.

గొంగళి ఎప్పుడు విసిరేశాడో, ఎప్పుడు పరిగెత్తాడో చిదంబరయ్యకు తెలియదు. గురవయ్య వెనక తాడు పట్టి నిలబడ్డాడు.

"లాగొద్దు సామీ. ఊరికే పట్టుకో," అన్నాడు గురవయ్య.

ఈగలు చిదంబరయ్యనూ కుట్టాయి. అతను పట్టుకునే ఉన్నాడు. కంటికి కనబడని ఒక మనిషి ప్రాణం, వెచ్చగా, బరువుగా, తన అరచేతుల్లో కొట్టుకుంటోంది. లోకమంతా ఆ తాడంత సన్నగా, ఆ తాడంత నిండుగా ఉంది.

చివరికి ఈదన్న తేనె డబ్బాతో అంచు మీదికి పాకి వచ్చాడు. ముందు బావమరిది మొహం చూశాడు. వేలు తేనెలో ముంచి అతని నోట్లో పెట్టాడు.

చిదంబరయ్య రాపిడికి చిట్లిన తన చేతులు చూసుకున్నాడు. పొద్దు పడమటి కొండ మీదికి వాలి ఉంది. "ఎంతసేపైంది?" అని అడిగాడు.

"ఏమో సామీ. బావ పైకొచ్చేంతసేపు," అన్నాడు గురవయ్య.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. వాగు దాటాక స్వామి వెనక్కి తిరగకుండానే అన్నారు:

"నీ వయసెంతని ఎవరైనా అడిగితే, నాయనా, ముందు తాడు పట్టుకున్న ఆ కాసేపూ లెక్కచెప్పు."