నూకరత్నం ఓస్లో వెళ్ళిన వైనం

రావులపాలెంలో మామూలు ఇళ్ళల్లో బుర్ర అనేది ఇంటికొకరికి ఉంటుంది. అరటిగెలల ఏడుకొండలు ఇంట్లో మాత్రం నలుగురికీ ఉందని చెప్పుకునేవారు. చెప్పుకునేది కూడా ఆ నలుగురే. ఏడుకొండలు, తల్లి చెల్లాయమ్మ, తమ్ముడు అబ్బులు, భార్య నూకరత్నం.

"ఎవరైనా ఒక మాట చెబితే లోకం సగం వింటది, సగం వదిలేస్తది. మేం అక్షరం వదలం," అనేది చెల్లాయమ్మ వీధరుగు మీద కాళ్ళు చాపుకుని. నిజమే. వదిలేవారు కాదు.

నూకరత్నానికి ఒక్కటే కోరిక. టీవీలో మంచు పడటం చూసిన దగ్గర్నుంచీ ఆ తెల్లటి దాని మీద ఒక్కసారి పాదం మోపాలని. పెళ్ళయి ఇన్నేళ్ళకీ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. అలాంటిది ఓ రోజు అన్నం వడ్డిస్తూ అడిగేసింది. ఏడుకొండలు కాదనలేకపోయాడు.

"ఏ ఊరెళదాం మరి?"

"రాజధానికే వెళ్ళాలన్నయ్యా," అన్నాడు అబ్బులు. "పల్లెటూళ్ళో మంచు పడితే పడుద్ది, లేకపోతే లేదు, అడిగే నాథుడుండడు. రాజధానిలో మంత్రులందరూ ఉంటారు. పడకపోతే ఊరుకుంటారా?"

సబబుగానే ఉందనుకున్నారు. ఏ దేశం రాజధాని అన్నది నూకరత్నమే తేల్చింది. నార్వే వాళ్ళ ఓస్లో. చిన్న పేరు, తప్పిపోతే అడగడానికి సులువు.

రాజమండ్రిలో విమానం టికెట్లు చూసే వాసంతి అనే అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. "డిసెంబరులో అక్కడ చలి మామూలుగా ఉండదండీ. ఇప్పట్నుంచే కాస్త చలికి అలవాటు పడండి," అంది ఆ పిల్ల.

అంతే. మర్నాడు నలుగురూ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి దిమ్మల మీద చాప పరుచుకుని కూర్చున్నారు. సాయంత్రానికి అబ్బులుకి జ్వరం. డాక్టరు చూసి, "ఒళ్ళు వెచ్చగా ఉంచుకో," అన్నాడు. ఇంకేముంది, ఇద్దరి మాటా నిలబెట్టాలి కదా. నడుం పైభాగం డాక్టరుకిచ్చి రగ్గులు కప్పారు. కిందిభాగం వాసంతికిచ్చి ఐసుముక్కల బేసిన్లో పెట్టారు. మధ్యలో నడుముకి ఎవరి మాట వినాలో తెలియక పట్టేసింది.

తర్వాత ఫొటోలు. స్టూడియో అతను, "వీసా ఫొటోలో నవ్వకూడదండీ. మామ్మగారూ, కళ్ళజోడు తీసెయ్యండి. ఆఫీసరు మనిషినీ ఫొటోనీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. రెండూ ఒకేలా ఉండాలి," అన్నాడు.

అంతే. ఆ పూట నుంచి ఇంట్లో నవ్వు బంద్. కట్టిన చీర మార్చలేదు, తొడిగిన చొక్కా విప్పలేదు. చెల్లాయమ్మ కళ్ళజోడు బీరువాలోకి పోయింది. కనపడక ఆవిడ మజ్జిగ అనుకుని అందరి అన్నంలో సున్నపు నీళ్ళు పోసింది. నోళ్ళు పొక్కాయి.

"ఇదీ మంచిదే. ఇంక నవ్వు రమ్మన్నా రాదు," అన్నాడు ఏడుకొండలు.

నలుగురూ మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంటే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? నూకరత్నం మేనమామ సూరప్పడు బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చాడు.

"ఎప్పుడమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"డిసెంబరులో మావయ్యా," అంది నూకరత్నం మొహం కదపకుండా.

"ఇంకా జరగలేదా? డాక్టర్లు ముందే చెప్పేశారా?"

"డాక్టర్లు కాదు. రాజమండ్రిలో ఒకమ్మాయి చెప్పింది."

"ఎవరికమ్మా?"

"నలుగురికీ మావయ్యా. ఒకే రోజు."

సూరప్పడు గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆయన వాలకం చూసి నూకరత్నానికి నవ్వు తన్నుకొచ్చింది. ఫొటో చెడిపోతుందని కొంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి ఆయన బావురుమన్నాడు. ఆయన్ని చూసి వీధి వీధంతా వచ్చి ఏడ్చింది. వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కాచలేక నూకరత్నం చేతులు పడిపోయాయి.

ఇంతలో వాసంతి ఫోను చేసింది. "మీరు అక్కడే ఉండిపోకుండా తిరిగొస్తారని వీసా ఇచ్చేవాళ్ళకి నమ్మకం కుదరాలండీ. మీ కోసం ఇక్కడ ఇంట్లో మనిషి ఉంటే నమ్ముతారు."

ఎవర్ని ఉంచాలి? నలుగురూ పంచాయితీ పెట్టారు.

"నాకోసం వస్తార్రా?" అంది చెల్లాయమ్మ.

అబ్బులు నిజాయితీగా ఆలోచించాడు. "వస్తామమ్మా. కాకపోతే కొంచెం అటూ ఇటూ తిరిగి వస్తాం."

"నీకోసం అయితే అసలు రాం," అంది చెల్లాయమ్మ.

"రత్నం చేతి పులుసు లేకుండా నేను ఎక్కువ రోజులు ఉండలేను," అన్నాడు ఏడుకొండలు మెల్లగా.

ఇంకేముంది, తేలిపోయింది. ఉండిపోవలసింది నూకరత్నమే. తన కోసమైతే తప్పకుండా వస్తారన్నందుకు నూకరత్నం మురిసిపోయింది. వంటింట్లోకి వెళ్ళి పోపు వేస్తుంటే మాత్రం, మరి మంచు మీద పాదం ఎవరు పెడతారబ్బా అనిపించింది. పోపు మాడింది.

ముగ్గురికీ వీసాలొచ్చాయి. ముగ్గురూ వెళ్ళారు. నూకరత్నం గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

దిగగానే ఏడుకొండలు ఫోను చేశాడు. "రత్నం, ఓస్లో వచ్చేశాం. అద్దాల తలుపు అవతల తెల్లగా ఏదో..."

"ఆగండి," అంది నూకరత్నం. "చూడకండి. నేను చూడకుండా మీరెలా చూస్తారు? నేను మంచు తొక్కేదాకా ముగ్గురూ కళ్ళు మూసుకోండి."

అంతే. ముగ్గురూ టపటపా కళ్ళు మూసుకున్నారు. ఒకరి కండువా ఒకరు పట్టుకుని ఊరంతా తిరిగారు. రోజూ ఫోను చేసేవారు.

"ఇవాళ ఏం చూశారు?"

"ఒట్టు, ఏమీ చూళ్ళేదు. రాజుగారి కోట తడిమాం. గోడే. అబ్బులు ఎవరో పెద్దాయన్ని దారి అడిగి చాలాసేపు నిలబడ్డాడు, పలకలేదు. తడిమితే రాతి విగ్రహం."

"అయ్యో, చలిలో పాపం. అత్తయ్య కళ్ళు తెరవలేదు కదా?"

"తుమ్మినప్పుడు ఒకసారి తెరుచుకున్నాయంట. కళ్ళజోడు లేదుగా, ఏమీ ఆనలేదంట."

నూకరత్నం గుండె కుదుటపడింది. మంచు ఎవరూ చూడకుండా కొత్తగానే ఉంది.

సెలవులైపోయి ఇంటికి వచ్చారు. ఎయిర్‌పోర్టుల్లో ఎవరెవరో జాలిపడి చెయ్యి పట్టుకుని విమానాలెక్కించారు. టాక్సీ దిగి, చేతులు చాచి గుమ్మం వెతుక్కుంటూ లోపలికొచ్చారు.

"ఇంటికొచ్చేశారుగా, ఇంక తెరవండి," అనబోయి నూకరత్నం నాలిక కరుచుకుంది. తనింకా మంచు తొక్కలేదు కదా. మాటంటే మాటే.

ఇంకేముంది. ముగ్గురికీ ముద్దలు కలిపి పెట్టడం, ముగ్గురికీ స్నానానికి దారి చూపడం. అబ్బులు అన్నగారి పళ్ళు తోమేశాడు. చెల్లాయమ్మ గేదె అనుకుని సోఫాకి కుడితి పెట్టింది. నూకరత్నానికి ఏడుపొచ్చింది.

"నేను మంచు తొక్కితేగాని మీకు కళ్ళు లేవు. మీకు కళ్ళుంటేగాని నన్ను తీసుకెళ్ళలేరు. నా కోరిక ఏ గంగలో కలిసిందో గాని మీ ముగ్గురినీ ముంచింది అత్తయ్యా," అంది.

"పిచ్చిదానా," అంది చెల్లాయమ్మ. "తీసుకెళ్ళడానికి కళ్ళెందుకే? ఊరంతా కళ్ళు మూసుకునే తిరిగొచ్చాం. మాకు దారి అలవాటే. కళ్ళు తెరుచుకున్నదానివి నువ్వే కొత్త. నువ్వూ మూసుకో, తప్పిపోవు."

ఎంత తెలివైన మాట. మర్నాడు తెల్లవారుతుండగా నలుగురూ కళ్ళు మూసుకుని వరసగా బయల్దేరారు. తాళంకప్ప ఎవరి చేతికీ తగల్లేదు, తలుపు అలాగే వదిలేశారు. ముందు ఏడుకొండలు, ఆయన కండువా పట్టుకుని నూకరత్నం.

వీధి మధ్యలో ఆటో ఒకటి ఆపి ఉంది. ఏడుకొండలు తడిమాడు. "విమానం. ఎక్కండి."

ఎక్కి సర్దుకు కూర్చున్నారు. "ఈసారి చిన్న విమానం వేశారు," అంది చెల్లాయమ్మ. కాసేపటికి అబ్బులుకి కాళ్ళు తిమ్మిరెక్కాయి. "వచ్చేసుంటదన్నయ్యా." రెండో పక్క నుంచి దిగారు.

నూకరత్నం చెప్పులు విడిచి పాదం కింద పెట్టింది. చల్లగా తగిలింది. తడిగా తగిలింది. ఇంకో అడుగు వేసింది. మెత్తటి పొడిలోకి దిగింది. కళ్ళు తెరిచి కిందికి చూసుకుంది. కింద తెలుపు, మడమ దాకా తెలుపు. పట్టలేక కన్నీళ్ళొచ్చాయి.

"ఏవండీ, తొక్కాను," అంది.

ముగ్గురూ కళ్ళు తెరిచారు. ఇన్నాళ్ళకి నలుగురూ పకపకా నవ్వారు. ధనుర్మాసమని తెల్లవారకముందే లేచి, కళ్ళాపి చల్లి, వీధి పట్టనంత ముగ్గేసి పిండి నింపుతున్న ఎదురింటి భూలక్ష్మి ముగ్గుగిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇదేం పనే రత్నం, ఇంత కష్టపడి వేసిన ముగ్గు తొక్కేశావు?"

నూకరత్నం భర్త చెవిలో మెల్లగా అంది. "ఏవండీ, ఓస్లోలో కూడా మనవాళ్ళున్నారు. మర్యాదస్తుల్లా ఉన్నారు, అప్పుడే నా పేరు కూడా కనుక్కున్నారు."

"రాజధాని అంటే అదేనే," అన్నాడు ఏడుకొండలు. ఆనందంగా చుట్టూ చూశాడు. ఆటో అవతల, వీధికి అటుపక్క ఒక ఇల్లు కనపడింది. మనిషి లేడు, దీపం వెలుగుతోంది, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కుక్క ఒకటి లోపలికి పోతోంది.

"చూడు రత్నం. ఎంత పెద్ద రాజధాని అయినా, ఇల్లు గాలికొదిలేసి ఊరేగేవాళ్ళు ఉంటూనే ఉంటారు," అన్నాడు.

"ఎవరో పాపం, బుర్ర తక్కువ వాళ్ళు," అంది నూకరత్నం.